స్లోలో ఆగిపోయే కారు

కారు షెడ్డు గుమ్మం దాటేలోపే దాని రోగం చెప్పేస్తాడని అరవదేశంలోని పోదనూరులో మెకానిక్ కుళందైసామికి పేరు. ఆ పేరు అతనికి బొత్తిగా గిట్టదు. రోగం తొందరగా దొరికితే వచ్చిన మనిషి కూడా తొందరగా వెళ్లిపోతాడు మరి.

భార్య రామక్కాళ్ పోయాక ఇంట్లో తెలుగు మాట ఆమె వెంటే పోయింది. కూతుర్ని పెరియకుళంలో ఇచ్చారు. మనవళ్లు వచ్చినా తాతతో అరవంలోనే మాట్లాడతారు. షెడ్డులోనూ అంతా అరవమే. అరవం అతనికి బాగానే వచ్చు. తిట్టడానికీ బేరానికీ దానికి సాటి లేదు. కానీ ఒంట్లో బాగాలేదని చెప్పుకోవాలంటే అమ్మ నేర్పిన మాటే నోటికొస్తుంది. చెప్పుకుందామంటే వినేవాళ్లు లేరు. చెప్పుకోవడమే మానేశాడు.

ఒకరోజు ఒక మిల్లు యజమాని పాత కారు తీసుకుని కొత్త డ్రైవరు అళగిరిసామి వచ్చాడు. వేగంగా పోతే బాగానే ఉందనీ, స్లో చేస్తే చాలు ఆగిపోతోందనీ అరవంలో చెప్పాడు. చెబుతుండగానే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు స్టీరింగు మీద కొట్టి, తెలుగులో "ఏమే, నన్ను చంపేదానికే పుట్టినావా?" అన్నాడు.

కుళందైసామి తలెత్తాడు. "ఏ ఊరు తంబీ నీది?"

"ఆండిపట్టి పక్కన అన్నా. మనోళ్లేనా మీరు?"

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఆ పొద్దు ఇద్దరూ పత్తి చేల గురించి, వాళ్లమ్మలు చేసే రాగి సంకటి గురించి మాట్లాడుకున్నారు. అళగిరిసామి భార్య ఊళ్లోనే ఉంది. అతను యజమాని బంగళా వెనక గదిలో ఒక్కడే ఉంటాడు.

మాటల మధ్యలో కుళందైసామి కార్బురేటర్ అడుగున అతుకు చుట్టూ నాలుగు నూనె చుక్కలు వేశాడు. కొట్టుకుంటున్న ఇంజను వెంటనే కుదురుగా తిరిగింది. నూనె సందు మూసినంతసేపే ఆ కుదురు. అంటే అక్కడి ప్యాకింగు చెడి గాలి లోపలికి జొరబడుతోంది. స్లోలో అంత గాలి కలిస్తే పెట్రోలు చాలక ఇంజను ఆగుతుంది. రోగం దొరికింది, మందూ తెలుసు. అయినా అతను స్క్రూ తిప్పి వేగం కాస్త పెంచి, "ఇప్పటికి శరి. మళ్లీ ఆగితే తీసుకురా" అన్నాడు.

మళ్లీ ఆగింది. మళ్లీ తెచ్చాడు. మళ్లీ స్క్రూయే తిప్పాడు. ముసలివాడి బుద్ధి చూడండి, కారు వచ్చే రోజు చొక్కా కూడా ఉతికింది వేసుకునేవాడు.

మూడోసారి అళగిరిసామి మొహం వాడిపోయి ఉంది. "మిల్లు గేటు కాడ నలుగురి ముందర ఆగిపోయిందన్నా. ఇంకొకసారి ఆగితే వేరే డ్రైవర్ని పెట్టుకుంటానన్నాడు ముదలాళి. ఊరికి పోయి నేనేమి చేసేది?"

కుళందైసామికి దొంగకు తేలు కుట్టినట్టయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. కార్బురేటర్ విప్పాడు. మాటిమాటికీ బిగించి బిగించి దాని అడుగు వంగిపోయి ఉంది. అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, అడుగు చదునయ్యేదాకా అరగదీశాడు. కొత్త ప్యాకింగు కోసి పెట్టాడు. రెండు వైపులా సమంగా బిగించాడు. ఆ రోజు ఊరి కబుర్లు ఏవీ రాలేదు.

"ఇంక ఆగదు, పో" అన్నాడు.

కారు ఆగలేదు. అళగిరిసామీ రాలేదు. దీపావళి పోయింది, చలి వచ్చింది. చేసిన పని నిలబడినందుకు సంతోషించాలి కదా. కుళందైసామికి ఏడుపొచ్చింది. పొద్దున మిల్లు సైరన్ ఊదినప్పుడు షెడ్డు తెరిచి, సాయంత్రం ఊదినప్పుడు మూసుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పుకోకుండా పడుకునేవాడు.

ఒక ఉదయం ఆ కారు మళ్లీ వచ్చింది. చేసిన పని చెడిందా అని అతను ఎదురు వెళ్లాడు.

"స్లోలో ఆగిపోతుండాదన్నా" అన్నాడు అళగిరిసామి.

కుళందైసామి బానెట్ ఎత్తి నూనె చుక్కలు వేశాడు. ఏ తేడా లేదు. స్క్రూ తిప్పి వేగం బాగా తగ్గించాడు. ఇంజను మెత్తగా తిరుగుతూనే ఉంది, ఆగమన్నా ఆగడం లేదు.

"యాడ ఆగింది?"

"దోవలో." అళగిరిసామి గోడవైపు చూస్తున్నాడు.

"ముదలాళి?"

"ఇప్పుడే రైలెక్కించి వస్తుండాను. రేపటి దాకా రాడు." గోడవైపే చూస్తూ అన్నాడు, "ఆ బంగళాలో నాతో మన మాట మాట్లాడేదానికి ఎవురూ లేరన్నా."

కుళందైసామి ఇంజను ఆపి, స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు.

"పెద్ద పనే ఉండాది తంబీ. పొద్దు గూకేదాకా పట్టుతాది. కూర్చో."