తలుపు తీసిన చిలకపచ్చ చొక్కా

ఆ రోజుల్లో లోకంలో ఏ చిక్కుకైనా మర్యాదే మందని నాకు గట్టి నమ్మకం. (ఆ రోజులంటే మరీ తాతల కాలమేం కాదు. చేతిలో స్మార్ట్ ఫోను, తల మీద జుట్టు, రెండూ ఉన్న కాలమే. ఇప్పుడు ఫోను ఉంది.) కోనసీమలో పుట్టినవాణ్ణి. మా వైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, కాఫీ తాగుతారా అని అడిగి, ఆయన వద్దంటే తెచ్చిచ్చి, ఆ తర్వాతే వచ్చిన పనేమిటని అడుగుతాం. ఒక్కోసారి ఆ అడగడం మర్చిపోతాం కూడా. అలాంటి నన్ను ఏరి కోరి సౌదీకి తీసుకెళ్ళి, దమ్మామ్ దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో సమాచార భద్రత విభాగంలో కూర్చోబెట్టారు. అది వాళ్ళ గ్రహచారమో నా అదృష్టమో అప్పట్లో తెలియలేదు.

ఉద్యోగం పేరు వింటే మా ఊళ్ళోవాళ్ళు నన్ను మిలిటరీలో చేరాననుకున్నారు. నిజానికి నా పని ఐటీ భవనం రెండో అంతస్తులో సర్వర్ గది పక్కన ఒక బల్ల ముందు కూర్చుని తెరల మీద పచ్చ దీపాలు ఎర్రబడకుండా చూసుకోవడం. ఆ గదిలోనే విద్యార్థుల మార్కులు, ఫోన్ నంబర్లు, జబ్బు చేసిందని పెట్టుకున్న డాక్టరు చీటీలు, అధ్యాపకుల జీతాలు, అన్నీ ఉండేవి. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. అది గట్టెక్కితేనే ఉద్యోగం ఖాయం, ఉద్యోగం ఖాయమైతేనే ఫ్యామిలీ వీసా. పెళ్ళైన కొత్తలోనే మా ఆవిణ్ణి వాళ్ళ పుట్టింట్లో దిగబెట్టి విమానం ఎక్కేశాను. ఎక్కేముందు మా ఆవిడ ఒక చొక్కా చేతిలో పెట్టింది. చిలకపచ్చ రంగు. మామూలు చిలక కాదు, కాస్త కోపంగా ఉన్న చిలక. "అంత మంది తెల్ల బట్టలవాళ్ళ మధ్యన మీరు ఇట్టే కనపడాలండి" అంది. కనపడ్డాను. ఎంతగా కనపడ్డానన్నదే ఈ కథ.

దమ్మామ్‌లో నేను ఉన్న గదిలో కడప భాయ్ అని ఒకాయన ఉండేవాడు. కార్ల విడిభాగాల కొట్లో లెక్కలు చూసేవాడు. ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే ఉన్న మనిషి. నాకు అరబ్బీ నేర్పమంటే "యాటికిపోయినా ఒక్క మాట చాలబ్బా. తఫద్దల్! రమ్మన్నా తఫద్దలే, కూచోమన్నా తఫద్దలే, తినమన్నా తఫద్దలే" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా కోనసీమంతా కుదించి ఒక్క మాటలో పెట్టినట్టుంది. ఆ రోజు నుంచి లిఫ్టు దగ్గర, నీళ్ళ మిషను దగ్గర, ఎక్కడ పడితే అక్కడ తఫద్దల్ అనేవాణ్ణి. అవతలివాళ్ళు అరబ్బులు, వాళ్ళేమన్నా తక్కువ తిన్నారా? వాళ్ళూ తఫద్దల్ అనేవాళ్ళు. ఒకసారి నేనూ ఒక లెక్కల ప్రొఫెసరూ మీరు ముందంటే మీరు ముందని లిఫ్టు మూడుసార్లు వదిలేసుకుని, చివరికి ఇద్దరం మెట్లెక్కి వెళ్ళాం.

ఇలా హాయిగా రోజులు వెళ్తుండగా భద్రత, గోప్యతల మీద శిక్షణ అని ప్రకటించారు. విశ్వవిద్యాలయంలో ప్రతి ఒక్కరూ కూర్చోవాలట. చెప్పడానికి రియాద్ నుంచి ఒకాయన వచ్చాడు. మాకందరికీ ఆయన రియాద్ మాస్టారు. సన్నగా, పొడుగ్గా, ఎవర్నీ నమ్మని కళ్ళతో ఉండేవాడు. "దొంగ ముసుగేసుకుని రాడు. రెండు చేతుల్లో బరువు పెట్టుకుని, నవ్వుతూ వస్తాడు. మీరు జాలిపడి తలుపు పట్టుకుంటారు. మీ మంచితనమే వాడికి తాళంచెవి" అన్నాడు. కార్డున్నవాడి వెనకాలే కార్డు లేనివాడు తోకలా లోపలికి దూరడాన్ని టెయిల్‌గేటింగ్ అంటారని అప్పుడే విన్నాను. వచ్చిన దగ్గర్నుంచీ నేను ఎన్ని తోకల్ని లోపలికి రానిచ్చానో తలుచుకుంటే కళ్ళు తిరిగాయి. మధ్యాహ్నం గోప్యత గురించి చెప్పాడు. పేరొక్కటీ కొట్టేస్తే మనిషి దాగడనీ, ఇంకేదో ఆనవాలు వాణ్ణి పట్టిస్తుందనీ మొదలుపెట్టినంతవరకు గుర్తుంది. (ఆ పూట భోజనంలో కబ్సా పెట్టారు. మాంసం, అన్నం, పైన జీడిపప్పు. తిన్నాక గోప్యత ఎవరికి ఎక్కుతుంది?)

క్లాసయ్యాక మా ముదీర్, అంటే మా విభాగానికి పెద్దాయన, నన్ను పక్కకి పిలిచాడు. ఈ నెలలోనే మాస్టారి మనుషుల్లో ఎవరో ఒకరు చెప్పకుండా వచ్చి మన తలుపుని పరీక్షిస్తారనీ, బల్ల నీదే కాబట్టి తలుపూ నీదేననీ, ఈ పరీక్ష ఎలా అయితే నా ప్రొబేషన్ కాయితం మీద తన సంతకం అలా ఉంటుందనీ చెప్పాడు. ఆ రాత్రి ఫోనులో మా ఆవిడకి చెప్పాను. "తలుపు తియ్యకుండా ఉండడమేగా. అదేమంత బ్రహ్మవిద్యండి?" అంది. ఆవిడకి నా సంగతి అప్పటికింకా పూర్తిగా తెలియదు.

తర్వాత వారం ఒక రోజు పొద్దున్నే, చిలకపచ్చ చొక్కా తొడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాను. గాజు తలుపు అవతల ఒక పెద్దాయన కనిపించాడు. పాదాల దాకా దిగిన తెల్లటి తోబు, నెరిసిన గడ్డం, రెండు చేతుల్లో ఇంత పొడుగు మిఠాయి పెట్టె. నన్ను చూసి నవ్వాడు. రెండు చేతుల్లో బరువు, పెదవుల మీద నవ్వు! మాస్టారు చెప్పింది చెప్పినట్టు దిగింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి, తియ్యకుండా, గాజులోంచే "కార్డ్ ప్లీజ్" అన్నాను. ఆయన కారులో ఉందన్నట్టు గడ్డంతో కిందికి చూపించాడు. "అయితే వెళ్ళి తెచ్చుకోండి" అన్నాను. ఆయన నన్ను పైనించి కిందికి చూశాడు. చొక్కా దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత పెట్టెని తలుపు బయట నేల మీద జాగ్రత్తగా పెట్టి, చెయ్యి గుండె మీద ఆనించుకుని, వెళ్ళిపోయాడు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మనసులో మా ఆవిడకి వీసా స్టాంపు కూడా వేయించేశాను.

ముదీర్ రాగానే "సార్, వాణ్ణి పట్టుకున్నాను" అని పెట్టె చూపించాను. ఆయన పెట్టె మీద అంటించిన చిన్న చీటీ చదివాడు. మొహం పాలిపోయింది. వచ్చినాయన విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడట. మనవడు పుట్టాడని సంతోషం పట్టలేక నౌకర్లకి కూడా ఇవ్వకుండా తనే ప్రతి విభాగానికీ మిఠాయిలు మోసుకుంటూ తిరుగుతున్నాడట. ముదీర్ ఆ పెట్టె పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను వరండాలోకొచ్చి మా ఆవిడకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి "ఇక వీసా మీద ఆశ పెట్టుకోకు" అన్నాను. ఆవిడ వీసా మాట పట్టించుకోలేదు. "మనవడు పుట్టాడని స్వీట్లు తెచ్చిన పెద్దాయన్ని గుమ్మం బయట నించోబెట్టారా? అది మన ఇంటా వంటా ఉందాండి? ఇంకెప్పుడూ ఎవర్నీ అలా చెయ్యకండి" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చెయ్యనన్నాను. ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి, భుజం మీద నిచ్చెన, చేతిలో పనిముట్ల పెట్టెతో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"అన్నా, తెలుగోళ్ళా మీరు? మీ మాటలు ఇంటుంటే పానం లేచొచ్చింది" అన్నాడు.

ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెలుగు ముక్క వినపడని మనిషిని నేను. (గదిలో కడప భాయ్ ఉన్నాడు గానీ, ఆయన మాట్లాడేది సగం బ్రేకుల ధరల గురించే.) "ఆయ్, తెలుగేనండి! ఎవరండీ మీరు?" అన్నాను. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చాడట, హైదరాబాద్ అట. "ఏ ఊరన్నా మీది?" అన్నాడు. అంతే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండగల తెలుగువాడు ఇంకా పుట్టలేదు. ఊరు చెప్పాను. ఆ పక్క ఊరికే తన మేనత్తని ఇచ్చారన్నాడు. ఇక మనవాడే! "జర తలుపు పడ్తరా అన్నా, చేతులు ఖాళీ లెవ్వు" అన్నాడు. పొద్దున పెద్దాయనకి చేసిన పాపానికి ఇదే ప్రాయశ్చిత్తమనుకుని, నా కార్డు గీకి, తలుపు బార్లా తీసి, "తఫద్దల్" అన్నాను. అంతటితో ఆగానా? నిచ్చెన నేనే మోశాను. సర్వర్ గది తీశాను. లోపల నిలబడి పని చేస్తాడేమోనని నా కుర్చీ మోసుకెళ్ళి వేశాను. చాయ్ తెస్తానుండమని కిందికి వెళ్ళాను.

తిరిగొచ్చాక చాయ్ తాగుతూ కబుర్లలో పడ్డాం. పెళ్ళైందా అన్నాడు. మా ఆవిడ పేరు చెప్పాను, ముద్దుపేరు కూడా చెప్పాను, పెళ్ళైన ఏడు కూడా చెప్పాను. (ఆ ముద్దుపేరుకి ఆ ఏడు తగిలిస్తే నా పాస్‌వర్డ్ అవుతుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.) వెళ్తూ వెళ్తూ "మంచిమనిషివన్నా నువ్వు" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో కొంచెం బాధ కనపడింది. మేనత్త గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

మర్నాడు ముదీర్ పిలిచాడు. ఆయన ముందున్న తెర మీద రెండు మెయిళ్ళు. మొదటిది ఉపాధ్యక్షుడిది: మీ తలుపు దగ్గర పచ్చ చొక్కా కుర్రాడు నన్ను కార్డు అడిగాడు, ఇన్నేళ్ళలో అలా అడిగినవాడు ఇతనొక్కడే, ఇలాంటివాణ్ణి వదులుకోవద్దు. రెండోది రియాద్ మాస్టారిది: పచ్చ చొక్కా మనిషి తలుపు తీశాడు, నిచ్చెన మోశాడు, కుర్చీ వేశాడు, చాయ్ ఇచ్చాడు, పాస్‌వర్డ్ అడగాల్సిన అవసరమే రాలేదు. కింద కెమెరా తీసిన ఫోటో కూడా ఉంది. ముదీర్ తల పట్టుకుని "ఈ ఇద్దరిలో నువ్వెవరు?" అన్నాడు. "ఇద్దరూ నేనే సార్" అన్నాను. ఆయన రెండు మెయిళ్ళూ మూసేసి, వచ్చే వారం మాస్టారి రెండో క్లాసు అయ్యాక తేలుస్తానన్నాడు.

ఆ వారం నేను తిన్నది లేదు, పడుకున్నది లేదు. కడప భాయ్ "నీ మర్యాదే నిన్ను మింగిందబ్బా. ఆ పిలగాడు మీ ఊరి పేరన్నా సరిగ్గా పలికినాడా?" అన్నాడు. పలకలేదు. అప్పుడు నేనే సరిదిద్దాను కూడా. క్లాసు రోజు పొద్దున మా ఆవిడ "ఆ పచ్చ చొక్కా వేసుకెళ్ళండి, కలిసొస్తుంది" అంది. ఆ చొక్కా ఏం కలిసొచ్చిందో ఆవిడకి చెప్పే ధైర్యం లేక అదే వేసుకున్నాను.

హాలు నిండా అధ్యాపకులు. ముందు వరసలో ఉపాధ్యక్షుడు. మాస్టారు గంభీరంగా "మొన్నటి పరీక్షలో జరిగింది చూపిస్తాను. ఆ ఉద్యోగి గోప్యత కాపాడడం మన బాధ్యత కనక పేరు తీసేశాం, ముఖం మసక చేశాం" అని మీట నొక్కాడు. తెర మీద గోడంత పెద్ద చిలకపచ్చ చొక్కా వెలిగింది. రెండు చేతులా కుర్చీ మోస్తున్నాడు వాడు. పైన మొహం ఉండాల్సిన చోట పొగమంచు. హాలంతా ఒక్కసారి తెరని చూసింది, తర్వాత ఒక్కసారి నన్ను చూసింది. లిఫ్టు దగ్గరి లెక్కల ప్రొఫెసరు అయితే నాకు చెయ్యి కూడా ఊపాడు.

నాకు ఏడుపొచ్చింది. పోతే పోయింది ఉద్యోగమనుకుని లేచి నిలబడ్డాను. "సార్, ముఖం ఒక్కటే మసక చేశారు. చొక్కా వదిలేశారు. ఇది మా ఆవిడ కొన్న చొక్కా సార్, సౌదీ మొత్తంలో ఇలాంటిది ఇంకోటి లేదు" అన్నాను. మాస్టారు ఒకసారి తెరవైపూ ఒకసారి నావైపూ చూశాడు. ఆయన ఎర్రబడడం అప్పుడే చూశాను. ముందు వరసలోంచి ఒక నవ్వు వినపడింది. ఉపాధ్యక్షుడు! ఆయన గడ్డం ఊగేలా నవ్వి, పక్కకి తిరిగి, వేదిక వైపు చెయ్యి చాపి నాతో "తఫద్దల్" అన్నాడు. వెళ్ళాను. ఏం చేశానో, ఎందుకు చేశానో, చాయ్‌లో చక్కెర ఎంత వేశానో అన్నీ చెప్పాను. జనం పొట్టలు పట్టుకున్నారు. మధ్యాహ్నం కబ్సా తిన్నాక కూడా ఒక్కడూ నిద్రపోలేదట. సాయంత్రం ముదీర్ సంతకం పెడుతూ "తలుపు దగ్గర మాత్రం నువ్వు వద్దు. క్లాసు చెప్పు" అన్నాడు.

మా ఆవిడ వచ్చింది. చొక్కా వెలిసిపోయింది గానీ బీరువాలో ఇంకా ఉంది. ఇప్పుడు ప్రతి టర్ముకీ ఆ శిక్షణ నేనే ఇస్తున్నాను. ఆ ఫోటో నా అనుమతితోనే చూపిస్తాను. రాటుదేలిపోయాను. వరండాలో తెలుగు వినపడ్డా ముందు కార్డే అడుగుతాను. ఊరి సంగతి ఆ తర్వాత, అదీ గుర్తుంటే. చాలాసార్లు గుర్తుండదు. క్లాసులో ఆ ఫోటో రాగానే అందరూ చొక్కాని చూసి నవ్వుతారు. నేను మాత్రం ఆ మసకని చూస్తాను. కుర్చీ మోస్తున్న ఆ పచ్చ చొక్కా కుర్రాడి మొహం ఎవరికీ కనపడదు. కానీ వాడు నవ్వుతున్నాడు. ఎన్నో నెలల తర్వాత ఎవరో వాణ్ణి ఏ ఊరని అడిగారు మరి.