ఖాళీ అని అరిచాను

ఆరేళ్ళుగా ఒక అరుపును మోస్తున్నాను. చాలా బరువని చెప్పుకోవాలనే ఉంది. కానీ ఈ ఆరేళ్ళూ తిన్నాను, పడుకున్నాను, కాస్త ఒళ్ళు కూడా చేశాను. నాకు ఎక్కువ భయం వేసేది అందుకే.

ఇప్పుడు మా ఊళ్ళో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. రోజూ చూస్తుంటాను. పదమూడేళ్ళ పిల్లకు బంతి ఒక్కటే కనిపిస్తుంది. పదిహేనుకి తోటి పిల్ల కూడా కనిపిస్తుంది. పదిహేడు వచ్చేసరికి ఖాళీ నేల కనిపిస్తుంది, అందులోకి ఎవరు రాబోతున్నారో ముందే తెలుస్తుంది. అందాకా చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ అరుపులతోనే ఆడతారు. 'మనిషి' అంటే వెనక అవతలి జట్టు పిల్ల ఉంది, తిరగొద్దని. 'ఖాళీ' అంటే ఎవరూ లేరు, తిరగమని. చిన్నది వెనక్కి చూడదు. అక్క గొంతు వింటుంది, తిరిగేస్తుంది.

రత్నానికి అప్పుడు పదమూడు. చేపలమ్మే వాళ్ళ పిల్ల. నాకు పదిహేడు, మా ఊరి పిల్లల జట్టులో అదే నా ఆఖరి ఏడాది. ఎంపిక ఆట బొబ్బిలిలో. ఎంపికైతే హాస్టల్లో సీటు, చదువు, తిండి. మా ఇద్దరిలో ఒకరినే తీసుకుంటారని అందరికీ తెలుసు. రత్నం కాళ్ళు నా కాళ్ళకంటే మంచివని కూడా తెలుసు. నాకు మరీ బాగా.

బంతి రత్నానికి వచ్చింది. వెనక మనిషి ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. “కాళీ!” అని అరిచాను. తిరిగింది, బంతి పోయింది. ఇంకోసారి బంతి వచ్చినప్పుడు మళ్ళీ అరిచాను. మళ్ళీ తిరిగింది. పొరపాటున అన్నానా? మొదటిసారికి అలా చెప్పుకోవచ్చు. రెండోసారికి ఏం చెప్పుకోను? మైదానం గీత పక్కన నిలబడ్డ ఎంపికదారు, “కాళ్ళున్నాయి గానీ బుర్ర లేదు” అన్నాడు, అందరికీ వినబడేలా.

మైదానమంతా చూడగలిగే వయసొచ్చాక నేను తీసుకున్న తొలి గొప్ప నిర్ణయం అది.

తిరుగు బస్సులో రత్నం నా పక్కనే కూర్చుంది.

“అక్కా, నువ్వు కాళీ అన్నావు కదా?”

“అన్నాను. అప్పుడు కాళీయే. ఆ పిల్ల ఉరుక్కుంటా వచ్చీసింది. నువ్వు సూసుకోవద్దేటి?”

“నువ్వు సెప్పినావని సూడలేదక్కా.”

“ఒసే, సెవులతో కాదే, కళ్ళతో ఆడాల. పెద్దయితే బుర్ర వస్తాదిలే.”

“అవునక్కా,” అని తన జంతికల పొట్లం నా ఒళ్ళో పెట్టింది. తిన్నాను. బాగున్నాయి కూడా.

నేను ఎంపికయ్యాను. ఏడాదంతా బెంచీ కాపలా కాసి వచ్చాను. బుర్ర లేని ఆటెందుకని రత్నాన్ని వాళ్ళమ్మ మాన్పించింది. ఇప్పుడు రొయ్యల కంపెనీలో తలలు తీస్తోంది. ఆటలో ఆ చూపు ఆడుతూ ఉంటేనే పెరుగుతుంది, దానంతటది రాదు. అది పెరగాల్సిన ఏళ్ళను నేను నొక్కేశాను. ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

మొన్న సంతలో కనిపించింది. చెల్లిని నా దగ్గరికి పంపుతుందట. “దానికి నాలాగ కాదక్కా, బుర్రుంది,” అంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఏదో జోకు వేశాను. రత్నం నవ్వింది. నవ్వించడం నాకు బాగా వచ్చు.

మీకు చెబుతున్నాను, రత్నానికి చెప్పలేదు. ఇందులోనూ సులువైన మనిషినే ఎంచుకున్నాను. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ రత్నానికి బుర్ర లేకపోవడం కాదు, నేను అబద్ధమాడానని రాసేశాక, ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్ళింది. అందుకూ సిగ్గుగానే ఉంది.