గడ్డం కొంచెం పైకి

మా అన్నయ్యను బజారంతా 'నవ్వుల మాస్టారు' అంటుంది. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఫోటో స్టూడియో ఆయనది. ఎంత మొండి పిల్లాడినైనా స్టూల్ మీద కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం పైకి... ఆఁ, ఇప్పుడు నవ్వాలి!" అని ఇట్టే నవ్విస్తాడు.

ఆ స్టూల్‌కి ఎదురుగా గోడ నిండా అన్నయ్య కూతురి ఏడుపు మొహాలే. అది పసిదిగా ఉన్నప్పటి నుంచీ ఏడ్చినప్పుడల్లా పిల్లను ఎత్తుకోకుండా కెమెరా ఎత్తేవాడు. ముక్కు కారుతున్నవీ, మూతి వంకరపోయినవీ ఏరి, పెద్దవి చేసి, ఫ్రేములు కట్టించాడు. "ఏడిస్తే నువ్వూ ఇలా కోతిలా పడతావు" అని వచ్చిన పిల్లలకు చూపించేవాడు. అందరూ పకపకా నవ్వేవారు. అది పక్కనే నిలబడి వినేది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈయనకు ఆపాటి కాకితనం కూడా లేదు.

"సిగ్గుగా లేదా అన్నయ్యా?" అని ఒకసారి అడిగేశాను.

"నీకన్నీ పెడర్థాలే! బడికి వెళ్లడం మొదలెట్టాక అది ఒక్కసారైనా ఏడ్చిందేమో చెప్పు. బంగారం!" అన్నాడు. వదిన ఆ ఫ్రేముల మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది. ఆవిడను చూస్తే ఇంకా అసహ్యం వేసింది.

మొన్న నేను స్టూడియోలో ఉండగానే లోపలి గది తలుపు గాలికి ధడాలున పడింది. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల గౌను మడతల్లో చెయ్యి దాచుకుని నవ్వుతోంది. "ఏం కాలేదు నాన్నా" అంది. గౌను మీద నెత్తురు పాకుతోంది.

"చూశావా, ఎంత గట్టి పిండమో!" అన్నాడు ఆ మహానుభావుడు. పిల్లను చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

"ఎక్కడ నొప్పమ్మా?" అంటూ డాక్టరు నలిగిన వేళ్లు ఒక్కొక్కటీ నొక్కాడు. అది నవ్వుతూనే ఉంది. "నవ్వుతోందంటే పెద్ద దెబ్బేం కాదులెండి" అని కట్టు కట్టబోయాడు. ఎక్స్‌రే తీయమని నేను పట్టుబట్టాను. రెండు ఎముకలు విరిగాయి.

పిల్లను దగ్గరికి తీసుకుని, "ఏడువు తల్లీ, నేనున్నాగా" అన్నాను.

అది నా చేతిలో ఫోన్ వైపు చూసింది. "ముందు అది లోపల పెట్టేయ్ అత్తా."

సంచిలో పెట్టి జిప్పు లాగాను. అది నోరు తెరిచింది. ఎంతసేపు చూసినా ఏడుపు రాలేదు. దాని గడ్డం మాత్రం కొంచెం పైకి లేచింది.