కన్నాల ఆపరేషన్‌కి కాకినాడ ప్రయాణం

ఉదయం ఆరుంబావుకి నిడదవోలులో పాసింజరు ఎక్కాం, నేనూ మా అమ్మాయి హారికా. హారికకి పంతొమ్మిదేళ్లు. కాలేజీ కబడ్డీ జట్టులో కూతకెళ్లే పిల్ల. ఏడాదిగా కుడి తుంటి నొప్పి. స్కానింగు చూసిన కాకినాడ డాక్టరుగారు తుంటి గిన్నె అంచు చిరిగిందన్నారు. రెండు చిన్న కన్నాలు పెట్టి, కెమెరా గొట్టం దింపి కుట్టేస్తే మర్నాడే ఇంటికి పంపిస్తానన్నారు. అంత సులువుగా ఎవరు చెప్పినా నాకు అనుమానమే. ఇరవై ఏళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. మధ్య మెట్లు చూపించకుండా జవాబు రాసేవాళ్లకి మార్కులెయ్యను.

తుంటి నొప్పివాళ్లతో వెళ్లేవారు బల్ల చివర చోటు చూసుకోండి. కాలు చాపుకోవచ్చు. ద్వారపూడిలో బట్టల మూటతో ఎక్కినావిడ హారిక కాలు చూసి విషయం అడిగింది. చెప్పాను.

"మా మరిదికి తుంటి ఆపరేషనంటే జానెడు కోత పెట్టారండి. రెండు కన్నాలతో ఏమవుద్దండీ? లోపలేం చేశారో మనం చూడొచ్చామా?" అంది.

ఆ మాట నాలో దిగబడిపోయింది.

ఎనిమిదీ నలభైకి కాకినాడ టౌన్‌లో దిగాం. ఆటోలో ఆసుపత్రి పావుగంట. హారిక పరగడుపున ఉండాలి కనుక నేనూ టిఫిన్ చెయ్యలేదు. కౌంటరులో అమ్మాయి మరీ నవ్వుతూ మాట్లాడింది. అదీ నాకు నచ్చలేదు. సంతకాలు పెట్టమన్న ప్రతి కాగితం ఆసాంతం చదివాను. డాక్టరుగారు రాగానే అడిగేశాను.

"ఆపరేషనంతా వీడియో కావాలండి. మొదటినుంచి చివరిదాకా."

ఆయన నొచ్చుకోలేదు. "అలాగేనండి, కూర్చుని చూద్దాం" అన్నారు.

పన్నెండింటికి హారికని లోపలికి తీసుకెళ్లారు. రెండుంబావుకి డాక్టరుగారు బయటికొచ్చి, పిల్ల బాగుందని చెప్పి నన్ను తన గదికి తీసుకెళ్లారు. తెర మీద చిరిగిన అంచు నీళ్లలో గుడ్డపేలికలా ఊగుతోంది. దాన్ని దారాలతో ఎముకకి బిగించారు. పొడుచుకొచ్చిన ఎముకని నున్నగా గీశారు. నా కళ్లు మాత్రం తెర మూలనున్న గడియారం మీదే ఉన్నాయి. మధ్యలో ఒక్క నిమిషమూ ఎగరగొట్టలేదు.

ఆయన ఒకచోట బొమ్మ ఆపారు. "ఇక్కడ గుజ్జు అరిగి ఎముక కనిపిస్తోంది చూడండి. ఇది ఒక్క దెబ్బకి అయింది కాదు. నొప్పి తెలియకుండా చాలాకాలం ఆడినట్టుంది. ఇంజెక్షన్లేమైనా తీసుకుందా?"

"లేదండి. మీ కాగితంలో రాశాంగా."

అన్నాక గుర్తొచ్చింది, ఆ కాగితం నింపింది హారికే. మళ్లీ కూతకెళ్లగలదా అని అడిగాను. ఆర్నెల్లు పోతేగాని చెప్పలేనన్నారు.

మర్నాడు ఉదయం హారిక ఇడ్లీ తిన్నాక ఇంజెక్షన్ల సంగతి అడిగాను. ప్లేటు చాలాసేపు చూసి చెప్పింది. "సెలక్షన్ల ముందు కోచ్ సార్ వేయించేవారమ్మా. మూడుసార్లు."

పదకొండింటికి కారు మాట్లాడుకున్నాం. ఊతకర్రలతో రైలెక్కడం కుదరదు. ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టమని నర్సు చెప్పింది. రాజమండ్రి దాటుతుండగా కోచ్ నాకు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను.

"ఎలా ఉందండీ మేడమ్? సీజన్‌కి రెడీ అయిపోద్ది కదండీ?"

"ఇంజెక్షన్లు ఎవరు వేశారండీ?"

"అందరూ వేయించుకునేవేనండి. అమ్మాయే అడిగింది."

అతన్ని కడిగేద్దామని నోరు తెరిచాను. ముందు సీట్లోంచి హారిక అంది. "నిజమేనమ్మా, నేనే అడిగాను. నీకు చెబితే ఆట మానిపించేస్తావని."

"పంతొమ్మిదేళ్ల పిల్ల అడిగితే మీరు వేయించేస్తారా?" అని ఫోన్ పెట్టేశాను. ఆట మానిపించేదాన్నే. హారిక చెప్పింది అబద్ధం కాదు.

"ఈసారి నొప్పొస్తే ఎవరికి చెబుతావు?"

"నీకేనమ్మా."

ఈ ఆపరేషన్‌కి వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇదీ: వీడియో అడగండి, ఇస్తారు. దానికంటే ముందు ఆడే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టనని మాటిచ్చి అడగండి. నేను ఆ పని ఒక రోజు ఆలస్యంగా చేశాను.

కొవ్వూరు దాటాక హారిక నిద్రపోయింది. ఎక్కడికెళ్లినా వెంట తెచ్చుకునే ఆటల సంచి నా కాళ్ల దగ్గరే ఉంది. చప్పుడు కాకుండా జిప్పు తీశాను. మోకాలి పట్టీలు, ఒక జత సాక్సు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. ఇంకేమీ లేవు. అయినా అడుగున ఉన్న చిన్న అర కూడా చూశాకే మూసేశాను.