మా రూమ్ అక్క చెప్పిన జర్మనీ సంగతి

జర్మనీ పేరు వింటే నాకు పాలమూరు అక్క గుర్తొస్తుంది. 2013లో అశోక్‌నగర్ హాస్టల్లో ఇద్దరం ఒకే గదిలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లం. వాళ్ల అమ్మానాన్నలు ఊళ్లు తిరిగి ఇళ్లు కట్టే కూలీలు. అక్క రోజూ చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ చదివేది. ఏ దేశాల తగాదా కనబడినా, "జర ఆగు, అవతలోళ్ల దిక్కు గూడ చూద్దాం" అనేది.

తెలుగు మీడియం వాళ్లకు విదేశీ వ్యవహారాలు ఒంటబట్టవని మా కోచింగ్ సార్ నమ్మకం. మాక్ ఇంటర్వ్యూలో కావాలనే, తెలుగు మీడియంలో చదివిన అక్కను అడిగాడు. "తమ నాయకురాలి ఫోన్‌ను అమెరికా చాటుగ విన్నదని జర్మనీ కోపంగ ఉంది. ఇద్దరు దోస్తులే గద! ఇప్పుడేమైతది?"

వెనక ఎవరో నవ్వారు. అక్క తొణకలేదు.

"దోస్తులే గద అని ఊకుంటే ఇజ్జత్ పోతది సార్. తెంపుకుంటే ఇద్దరికీ నష్టం. అందుకే జర్మనీ అమెరికా రాయబారిని పిలిచి నిలదీసింది గని, మాటలు బంద్ చెయ్యలే. గట్టిగ అడుగుడు వేరు, విడిపోవుడు వేరు."

సార్, "మళ్లొకసారి చెప్పమ్మా, అందరు రాసుకుంటరు" అన్నాడు.

మరుసటి వారం నుంచి తెలుగు మీడియం బ్యాచ్‌కు విదేశీ వ్యవహారాల పాఠాలు అక్కే చెప్పింది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నేను మొదటి బెంచీలో కూర్చుని, "మా రూమ్ అక్క" అని పక్కవాళ్లందరికీ చెప్పుకున్నాను.