పంపను, పంపాను

ఏలూరు ఆసుపత్రిలో దూదికి అద్దిన స్పిరిట్ వాసన ఇవాళ కూడా ముక్కుకు తగిలింది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి లావణ్యకు ఒక చేతికి రక్తం ఎక్కుతోంది, రెండో చేత్తో నోట్సు తిరగేస్తోంది. అలా చూసినప్పుడల్లా నాకు సుభద్ర టీచరు గారు గుర్తొస్తారు.

లావణ్యది తలసీమియా. మా ఆయన రక్తంలోనూ నా రక్తంలోనూ దాగి ఉండి దానికి వచ్చింది. మూడు వారాలకోసారి మండవల్లి నుంచి ఏలూరు వచ్చి రక్తం ఎక్కించుకోవాలి. అది మా ఊరి బడిలో చదివేటప్పుడు, అలా పోయిన పాఠాలు ఇంటి దగ్గర చెప్పమని టీచరు గారు పుస్తకం నా చేతికిస్తే, నాకు అక్షరం ముక్క రాదని తల దించుకున్నాను.

"అయితే ముందు మీరు నేర్చుకోండి. కూతురి కన్నా మీరే చురుకేమో, ఎవరు చూశారు?" అన్నారావిడ. అలా ముప్పై దాటాక పలక పట్టాను. బడి వదిలాక వరండాలో కూర్చోబెట్టి దిద్దించేవారు. నేను దీర్ఘాలు మింగేసేదాన్ని. "మాట్లాడేటప్పుడు అంత సాగదీస్తారు కదండీ, రాతలో ఎందుకీ పిసినారితనం?" అనేవారు.

లావణ్య ఆరో తరగతిలో లెక్కల పరీక్ష, రక్తం ఎక్కించే రోజు ఒకటే అయ్యాయి. అప్పటికే పిల్ల పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడుతోంది. "రెండ్రోజులు ఆగకూడదాండీ? పరీక్ష పోతే ఏడాది పోద్ది" అన్నాను. "పరీక్ష ఇంకోరోజు నేను పెట్టిస్తాను. ముందు పిల్లను పంపండి" అన్నారు. ఆ రోజు తెల్లారగానే దాన్ని వాళ్ల నాన్నతో బస్సెక్కించాను. ఫోను ఇంట్లో వదిలేసి, రొయ్యలు ఏరే పనికి పోతూ బడిలో చీటీ ఇచ్చి వెళ్లాను. నా చేత్తో రాసిన మొదటి చీటీ అది.

కాసేపటికే టీచరు గారు చెప్పులు చేత పట్టుకుని, బురదలో చెరువు గట్టెక్కి వచ్చారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటండీ ఈ మొండితనం? పిల్ల ప్రాణం కన్నా పరీక్ష ఎక్కువా?"

"పొద్దున్నే పంపేనుగా అండీ! ఈపాటికి ఏలూరు చేరుంటారు."

ఆవిడ చీటీ విప్పి నా ముందు పెట్టారు. 'పాపను ఆసుపత్రికి పంపను' అని ఉంది.

"దీర్ఘమేదండీ, సత్యవతి గారూ?"

"పెట్టేననుకున్నానండీ..."

ఆవిడ ఐసు పెట్టె మీద కూలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్లొత్తుకున్నారు. "పొద్దున్నే అన్నం తినకుండా వచ్చిందండీ, దీర్ఘం తినేసుంటది" అంది పక్కన రొయ్యలు ఏరుతున్నావిడ.

మూడో రోజు లావణ్య స్టాఫ్ రూములో ఒక్కతే కూర్చుని పరీక్ష రాసింది. పెదాలకు మళ్లీ ఎరుపొచ్చింది. కిటికీలోంచి చూస్తూ ఎన్నాళ్లకో గుండెనిండా ఊపిరి తీసుకున్నాను.

తర్వాత టీచరు గారు బదిలీ మీద తణుకు వెళ్లిపోయారు. ఆసుపత్రి కాగితాలన్నీ ఇప్పుడు నేనే నింపుతాను. సంతకం పెట్టే ముందు ప్రతి మాటా పైకి చదువుతాను. పక్కవాళ్లు వింతగా చూస్తారు. చూడనీ. నోటితో పలికిన దీర్ఘం కాగితం మీద కనబడేదాకా నా చెయ్యి సంతకానికి కదలదు.