నిషేధం రోజుల్లో విప్పిన మెషీన్

హార్బర్లో ఎవరైనా అడిగితే, ఆ వీడియో గేమ్ మెషీన్ నాకు ఒక పరాయి దేశపు ఓడ కెప్టెన్ ఇచ్చాడని చెప్తాను. నడిసముద్రంలో ఓడ ఆగిపోతే నేను నాటుపడవ మీద వెళ్ళి, ఒక స్పానరుతోనూ మా అప్ప పాత చీర పీలికతోనూ ఇంజిన్ బాగుచేశానని, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని దాన్ని నా చేతుల్లో పెట్టాడని చెప్తాను. ఆయన ఏ భాషలో ఏడ్చాడని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అసలు సంగతేమిటంటే, స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక సారు అటక మీది సామాను అమ్మేస్తుంటే, ఫ్యాన్లూ బకెట్లతో పాటు అదీ కొన్నాను.

నేను బోటు ఇంజిన్ల మెకానిక్‌ని. అబద్ధాలాడటం నా రెండో పని. కొందరు అదే మొదటిదంటారు. ఈ ఒక్క సంగతి మాత్రం కల్తీ లేకుండా రాద్దామని కూర్చున్నాను. చేతికి అలవాటు లేదు, ఎక్కడైనా జారితే మీరే సర్దుకోవాలి.

మెషీన్ కొన్నది మా బావ కోసం. బావంటే మా అప్ప మొగుడు. అక్కని మేం అప్ప అంటాం. ముప్ఫై ఏళ్ళు మరబోటు నడిపాడు. నీళ్ళ రంగు చూసి అడుగున ఏ చేప తిరుగుతోందో చెప్పేవాడు. నేను చెప్పేవాటిలో జనం నమ్మని నిజం ఇదొక్కటే. ఒకరోజు వేట నుంచి దిగి, జెట్టీ మీద టీ గ్లాసు పట్టుకోబోతే గ్లాసు జారిపోయింది. అదే పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా మిగిలింది. బోటుకి ఇంకో డ్రైవర్ని పెట్టేసుకున్నారు. బావ మాత్రం తెల్లారగట్ల ఇంజిన్లు స్టార్టయ్యే వేళకి మంచం మీద లేచి కూర్చునేవాడు. వెళ్ళడానికి చోటు లేదు, పడుకోడానికి ప్రాణం ఒప్పదు. అలా గోడకి ఆనుకుని దూరాన ఒక్కో బోటూ వెళ్ళిపోయే చప్పుడు వింటూ ఉంటే, అప్ప వంటింట్లో మొహం దాచుకునేది.

మెషీన్‌తో పాటు వచ్చిన సీడీల్లో ఒకటి చేపల వేట ఆట. ఎక్కడో మంచు కురిసే సముద్రం, అందులో పడవ. చిన్న పడవతో మొదలెట్టి, పట్టిన చేప అమ్ముకుంటూ పెద్ద బోటు దాకా ఎదగాలి. మొదటి రోజు బావ కంట్రోలర్‌ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్ళని దాని మీద చచ్చిన రొయ్యల్లా పడేసి, చాలాసేపు తెర వంక చూశాడు.

"ఈ సముద్రానికి వాసన లేదురా," అన్నాడు.

అప్ప ఆ మాట పట్టుకుని, ఎండు నెత్తళ్ళ చేపల బుట్ట తెచ్చి టీవీ పక్కన పెట్టేసింది. "ఇప్పుడొచ్చిందేటి వాసన?" అంది. బావ నవ్వాడు. మూతి ఒకవైపే కదిలింది గానీ, నవ్వే.

రెండేళ్ళు. రోజూ తెల్లారగట్ల బోట్లు కదిలే వేళకి బావ బోటూ కదిలేది. చిన్న పడవ పోయి పెద్దది వచ్చింది, అది పోయి ఇంకా పెద్దది. దానికి తన పాత బోటు రంగులే వేయించాడు, పసుపు మీద నీలం చార. రెండో ఏడు సగానికి ఆయన కుడి బొటనవేలు కదిలింది. మొదట మేం చూడలేదు. తెర మీద బోటు కుడికి తిరిగింది. ఆ తిప్పుడు కుడిచేతి పని. అప్ప చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చి ఆ వేలి వంక చూసింది. ఫిజియోథెరపీ చేసే ఆయన "ఆపకండి, ఏం చేస్తున్నారో అదే చెయ్యండి" అన్నాడు. ఇంకో ఏడాదికి చెయ్యి మొత్తం వస్తుందని నేనందరికీ చెప్పేశాను. అందులో సగం నేనూ నమ్మాను.

ఇంకో మాట చెప్పాలి. ఎండాకాలంలో చేప గుడ్లు పెట్టే కాలమని మాకు రెండు నెలలు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకి కట్టేస్తారు. బావ ఆటలోనూ నిషేధం పాటించేవాడు. మెషీన్ ఆన్ చేయించి, జెట్టీకి కట్టిన బోటుని చూసుకుని, ఆపించేసేవాడు. వల వేసేవాడు కాదు.

"అక్కడ నిషేధం లేదు బావా, అది మంచు దేశం," అన్నాను ఒకసారి.

"సేప ఎక్కడైనా సేపే. నోరు ముయ్యి," అన్నాడు.

నిషేధం ఎత్తేసిన రోజున అప్ప టీవీకి పసుపు రాసి బొట్టు పెట్టి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టేది. అప్పుడు గానీ బోటు కదలదు.

మూడో ఏడు నిషేధం దగ్గరపడుతుండగా మెషీన్‌కి ఆయాసం మొదలైంది. లోపల ఫ్యాను ఐస్ ఫ్యాక్టరీలో మంచుగడ్డలు పిండి చేసే యంత్రంలా అరిచేది. అరిచి అరిచి ఇరవై నిమిషాలకి టప్పున ఆగిపోయేది. వల నిండా చేపతో ఉండగా చీకటైపోతే బావ కంట్రోలర్ని గుండెలకి అదుముకుని కూర్చునేవాడు.

"నిషేధంలో ఓవర్‌హాల్ సేసేద్దాం," అన్నాను. మా దగ్గర ఇంజిన్లు విప్పేది అప్పుడే. "ఇలాంటివి ఓడల మీద వంద విప్పాను."

"నిషేధం ఎత్తేలోగా నీట్లోకి దించాల," అన్నాడు బావ.

"దించకపోతే నా పేరు మార్సీ."

అప్ప గుమ్మంలోంచి, "నీ పేరు ఇప్పటికి ఎన్నిసార్లు మార్సాలో లెక్కుందేటిరా?" అంది.

అరుగు మీద గోనెసంచి పరిచి విప్పాను. లోపల దుమ్ము, రెండేళ్ళ నెత్తళ్ళ ఉప్పు, సముద్రపు గాలి తిన్న తుప్పు. బోటు ఇంజిన్ల మెకానిక్‌కి తెలిసిన వైద్యం ఒక్కటే. ఫ్యాను రెక్కల్ని డీజిల్లో కడిగాను. మధ్యలో ఒక చిప్పు మీద ఎండిపోయి పెచ్చుకట్టిన తెల్లటి పేస్టు కనపడితే, మురికి అనుకుని గోకేశాను. గోకాక ఆ చోటు బోడిగా కనిపించింది. ఉప్పుగాలికి ఇనుము బోడిగా ఉండకూడదని మా నాన్న చెప్పేవాడు. బోటు షాఫ్టుకి మెత్తినట్టే గ్రీజు ఇంత తీసి మెత్తాను. తుప్పు పట్టకూడదని మిగతా చోట్ల కూడా కొంచెం రాశాను. బిగించి చూసుకుంటే మెరిసిపోతోంది. నా జన్మలో అంత శుభ్రంగా ఏదీ బిగించలేదు.

ఆన్ చేశాను. పది నిమిషాలకి డీజిల్ వాసన, ఆ వెనకే గ్రీజు కాలిన వాసన. టప్పున ఆగింది.

"ఇప్పుడొచ్చింది వాసన," అన్నాడు బావ. అదీ నవ్వే.

నేను ఊరుకుంటే బాగుండేది. మొరాయించిన ఇంజిన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి లేపడం మా పద్ధతి. అలాగే ఏడుసార్లు లేపాను. ఎనిమిదోసారి తెర మీద ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు. రాదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. చదివినట్టు తలూపి, "చిన్న కంప్లైంటే" అన్నాను.

మర్నాడు దాన్ని తువ్వాల్లో చుట్టి, షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని గాజువాక వెళ్ళాను. సెల్‌ఫోన్లూ గేమ్ మెషీన్లూ బాగుచేసే చిన్న షాపు. నలభై ఏళ్ళావిడ, నుదుటి మీద భూతద్దం కట్టుకుని కూర్చుంది. మూత తీయగానే వెనక్కి జరిగింది.

"ఏటండీ ఇది, ఆవకాయ పెట్టీసినారేటి?"

షాపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా అహం దెబ్బతింది. "ఓడల మీద ఎలక్ట్రానిక్స్ చూసినోణ్ణమ్మా. సముద్రపు పద్ధతి వేరు," అన్నాను. అక్కడితో ఆగలేదు. కెప్టెన్ కథ ఎత్తుకున్నాను. ఆ పూట ఓడకి రెండు ఇంజిన్లు చేశాను, తుపాను కూడా కలిపాను. నవ్విన వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

ఆవిడ వింటూనే గ్రీజంతా తుడిచింది. చిప్పు మీద పెట్టాల్సిన పేస్టు వేరని, అది వేడిని పైకి లాగుతుందని, గ్రీజు అలా లాగదని చెప్పింది. ఫ్యాను మార్చింది. చిప్పు బతికే ఉందిట. ఆట దాచుకునే డిస్కు మాత్రం, దాని మీద రాస్తుండగా మెషీన్ అన్నిసార్లు టప్పున ఆగిపోయి, దెబ్బతింది.

"దీన్ని మొత్తం చెరిపేసి ఒకసారి పరీక్ష చేస్తానండి. బాగుంటే ఇదే ఉంచుదాం, లేకపోతే కొత్త రకం పెడదాం, స్పీడుగా ఉంటాది. బ్యాకప్ తీసీసే ఉంటారు కదా? మీకు తెలిసిన పనే."

నేను కథలో కెప్టెన్ ఏడుస్తున్న చోట ఉన్నాను.

"అది లేకుండా వస్తానా? రెండు చోట్ల ఉంది," అన్నాను.

ఆవిడ వేలు మీట మీద ఆగింది. "ఉందంటే చెరిపేస్తన్నాను మరి."

ఆ వేలు అలా ఎంతసేపు ఆగిందో ఇప్పటికీ లెక్కపెడుతుంటాను. బ్యాకప్ అన్న మాటకి అర్థమేమిటని అడగాలి. 'తెలీదమ్మా' అనాలి. నా నోట్లోంచి పరాయి దేశపు కెప్టెన్లు దిగారు, మనుషుల్ని మింగే సొరచేపలు దిగాయి. ఆ ఒక్క మాట ఎప్పుడూ దిగలేదు.

"కానియ్యమ్మా," అన్నాను.

చెరిపేసినా పాత డిస్కు బాగుపడలేదు. కొత్తది పెట్టింది. సాయంత్రానికి మెషీన్ ఇంటికి వచ్చింది. మీట నొక్కితే క్షణంలో వెలిగింది. ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాలి. అప్ప మెటికలు విరిచి దిష్టి తీసింది. "ఈసారి నీ పేరు ఉంచీవచ్చురా," అంది. బావ ముందుకి వంగి కూర్చున్నాడు. నిషేధం ఇంకా ఎత్తలేదు, కట్టిన బోటుని ఒకసారి చూసుకుందామని, అంతే.

ఆట తెరుచుకుంది. మంచు కురుస్తోంది. జెట్టీ దగ్గర రంగు వెయ్యని చిన్న చెక్కపడవ ఒకటి ఊగుతోంది.

బావ ఆ పడవని చూశాడు. వెనక ఇంకేదైనా ఉందేమోనని కుడి బొటనవేలితో అటూ ఇటూ తిప్పి చూశాడు. నీళ్ళు తప్ప ఏం లేవు.

"నా బోటేదిరా?"

బయటికి వెళ్ళి షాపావిడకి ఫోన్ చేశాను. "బ్యాకప్ అంటే ముందుగా వేరే చోట తీసి పెట్టుకున్న కాపీయే కదండీ. మీరే రెండు చోట్ల ఉందన్నారు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వెనక్కి తేవడానికి దారేదైనా ఉందా అన్నాను. చెరిపెయ్యక ముందైతే ప్రయత్నం చేసేదాన్నంది.

లోపలికి వచ్చేటప్పటికి నాలుక మీద కథ తయారుగా ఉంది. పాడు నాలుక.

"తుపానొచ్చీసినాది బావా," అన్నాను. "బోటు పోనాది."

బావ నా వంక చూడలేదు. తెర మీది చెక్కపడవనే చూస్తూ, "ఎన్నో నెంబరు ఎగరేసినారు?" అన్నాడు.

తుపాను వచ్చే ముందు పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేస్తారు. అది చూసి పడవలు ఒడ్డుకి లాక్కుంటాం. చిన్నప్పటి నుంచీ మాకు తెలిసిన అక్షరాలు అవే.

"పది," అన్నాను.

"పదో నెంబరు సూసి కూడా పడవ లాగలేదేటి బావా?" అన్నాడు.

ఆయన నన్ను 'రా' అనకుండా బావా అని పిలవడం పెళ్ళి నాటి తర్వాత అదే మొదటిసారి అనుకుంటాను.

"సూసేను. ఆ ఇంగ్లీసు సదవడం నాకు తెలీదు. తెలీదని సెప్పలేకపోనాను."

అప్ప ఏడుస్తూ తిట్టింది. "సచ్చినోడా, ఇంత నోరుందే, అందులో ఆ ఒక్క మాటకి సోటు లేకపోయిందేటిరా!" బావ తిట్టలేదు. కంట్రోలర్ని ఎడమచేత్తో తీసి మంచం కింద పెట్టించాడు.

"మళ్ళీ మొదలెడదాం బావా," అన్నాను రెండు రోజుల తర్వాత. "ఈసారి నాను కూడా ఆడతాను. నీ బోటు మీద కళాసీ పని సేస్తాను, వల లాగుతాను."

"రెండేళ్ళురా," అన్నాడు. "ఇంకో రెండేళ్ళు నీ దగ్గరున్నాయేటి, ఉంటే ఇయ్యి."

వేలి కసరత్తులకి రమ్మని ఫిజియోథెరపీ ఆయన పిలిస్తే చెయ్యి దుప్పటి కింద పెట్టేసుకున్నాడు. వారం పోయాక చూస్తే ఆ బొటనవేలు మళ్ళీ ముడుచుకునే ఉంది. విప్పుదామని నేను పట్టుకుంటే, నొప్పి అనలేదు, వద్దనలేదు. పరాయి వాళ్ళ చెయ్యి అయినట్టు ఊరుకున్నాడు.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లారగట్ల హార్బర్లో బాణాసంచా, ఒకదాని వెనక ఒకటి ఇంజిన్లు. అప్ప తలస్నానం చేసి, పసుపు గిన్నే కొబ్బరికాయా పట్టుకుని టీవీ ముందుకి వచ్చింది. మెషీన్ నేనే ఆన్ చేశాను. చప్పుడు లేకుండా వెలిగింది. నా చేతి మీదుగా అంత బాగా బాగుపడిన వస్తువు ఇంకోటి లేదు.

బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"కాయ కొట్టీమంటావా?" అంది అప్ప.

"ఏ పడవకి?" అన్నాడు.

అప్ప నా వంక చూసింది. ఏదో ఒకటి చెప్పరా అన్నట్టు, ఏ అబద్ధమైనా పర్లేదు అన్నట్టు చూసింది. నలభై ఎనిమిదేళ్ళుగా జనం చెవుల్లో పోసిన వాటిలోంచి ఒక్కటి తీద్దామని చూశాను. దూరాన ఇంకో బోటు స్టార్టయింది. అప్ప కొబ్బరికాయ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది.